హొన్నగుడ్డ గేటు

నీలమ్మ బియ్యం కడిగే తీరు చాంద్రాయణగుట్టలో ఆ బస్తీ మొత్తానికీ వింతే. వెడల్పాటి ఇనుప పళ్లెంలో బియ్యం పోసి, బకెట్ నీళ్లలో ముంచి, రెండు చేతులతో గుండ్రంగా తిప్పుతుంది. కొంచెం ముందుకు వంచి, అరచేతి మొదలుతో అంచు మీద మూడు దెబ్బలు వేస్తుంది. బియ్యం గిన్నెలోకి జారిపోయాక, అడుగున మిగిలిన రాళ్లను వెంటనే పారబోయదు. పళ్లెం ఎండకు పట్టి చూస్తుంది. చూశాకే పారేస్తుంది. వాళ్లమ్మ ఎల్లమ్మ అట్లా చేసేది, ఈమె చూసి నేర్చుకుంది. ఇప్పుడు వచ్చే బియ్యంలో రాళ్లే ఉండవు. అయినా సరే, ఖాళీ పళ్లెం ఎండకు పట్టకపోతే ఆమెకు అన్నం వండినట్టు ఉండదు.

"రాళ్లల్ల ఏం జూస్తవే అమ్మా, నా పెండ్లి ముహూర్తమా?" అని కూతురు ప్రీతి రోజూ ఏడిపిస్తుంది. ముప్పై నాలుగేళ్ల పిల్ల, ఫ్లైఓవర్ కింద ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. పెళ్లి మాట తల్లి ఎత్తకముందే తనే ఎత్తి నవ్వేయడం ఆమెకు అలవాటు.

ఆ గురువారం పొద్దున మాత్రం ఏడిపించలేదు. ఫోన్ పట్టుకొని వచ్చి పక్కన చతికిలబడింది.

"అమ్మా, మా ల్యాబు పిల్ల పంపింది. హొన్నగుడ్డ అంటే నువ్వు పుట్టిన ఊరే గదా? గా బంగారం గని ఊరు? మూతపడ్డంక ఇప్పుడు టూరిస్టు ప్లేసు చేసిండ్రంట. మన మొఘల్‌పురా నుంచే బస్సు పోతుందంట."

వీడియోలో ఒక కుర్రాడు హుషారుగా మాట్లాడుతున్నాడు. వెనక గోడకు పెద్ద నలుపు తెలుపు ఫోటో. అందులో గోచీతో ఒక మనిషి, రెండు చేతులూ పైకెత్తి, నోరు తెరిచి నిలబడి ఉన్నాడు.

"చూడుండ్రి ఫ్రెండ్స్, హొన్నగుడ్డల మస్తు ఫేమస్ దొంగ ఈయన! రాయి దంచి బంగారం తీసే మిల్లుల పని. రోజూ తలకు దండిగ నూనె రాసుకొని పోతుండె. బంగారం పొడి చేతికంటంగనే తల గోక్కుంటుండె. గేటు కాడ వాచ్‌మన్లు చేతులెత్తించిండ్రు, నోరు తెరిపించిండ్రు, బట్టలిప్పిచ్చిండ్రు. కుచ్ నహీ మిలా, ఏం దొరకలే! మరి పట్టిచ్చింది ఎవరు? సొంత బిడ్డ! 'మా బాపు తలల మెరుపులుంటయి' అని పోయి వాచ్‌మన్‌కే చెప్పిందంట!"

జనం నవ్వు వినిపించింది. నీలమ్మ చేతిలో పళ్లెం పక్కకు ఒరిగి, నీళ్లు ఆమె పాదాల మీద కారుతున్నాయి. ఫోటోలో మనిషి ఎడమ చెవి తమ్మె రెండుగా చీలి ఉంది.

"మా బాపు," అంది.

ప్రీతికి తాతంటే తెల్లగడ్డం, దగ్గు. పదేళ్లప్పుడు పోయాడు. ఫోన్ దగ్గరగా పెట్టుకొని చూసింది. "ఆనందరావు తాతనా? అంటే... గా బిడ్డవు నువ్వేనా?"

"అబద్ధం!" నీలమ్మ గొంతు వీధిలోకి వినబడింది. "మా బాపు దొంగ గాదు. వట్టి పుణ్యానికి నౌకరి పీకేసి ఎల్లగొట్టిండ్రు. నేను ఎవ్వలకు ఏం చెప్పలే. ఆరేండ్ల పిల్లను, నాకేం ఎరుక?"

ఆ మాట ఆమె యాభై ఐదేళ్లుగా నమ్మింది. నమ్మడానికి రోజూ కళ్లముందు సాక్ష్యం ఉండేది. హైదరాబాదు వచ్చాక ఆనందరావు మొఘల్‌పురాలో కట్టెల అడితిలో పనికి కుదిరాడు. సాయంత్రం నెత్తినిండా రంపప్పొట్టుతో ఇంటికొచ్చి గడప ముందు ఆగేవాడు. రెండు చేతులూ పైకెత్తి నోరు తెరిచి నిలబడేవాడు. నీలు వచ్చి మెడ నుంచి నడుము దాకా తడిమి, "ఏం లేదు, పో" అంటేగానీ గడప దాటేవాడు కాదు. అమ్మ ఆ పూట పొయ్యి వైపు తిరిగి కూర్చునేది. చిన్నప్పుడు నీలుకు అది ఆట. పెద్దయ్యాక కడుపు మండేది. చేయని తప్పుకు జరిగిన అవమానం మనిషిని ఎంతగా పట్టుకుంది చూడు, అనుకునేది. తర్వాత ప్రీతి పుడితే, ప్రీతితో కూడా అదే. ఇంకోటి, ఆయన తలకు నూనె రాసేవాడు కాదు. జుట్టు ఎండిన గడ్డిలా ఉండేది, బతిమాలినా రాయనిచ్చేవాడు కాదు.

అట్లాంటి మనిషి ఫోటో ముందు నిలబడి ఎవడో నవ్విస్తున్నాడు. నీలమ్మ పాదాలు తుడుచుకోకుండానే చెప్పులేసుకుంది.

ఆ టూర్ల ఆఫీసు మొఘల్‌పురాలో దర్జీ దుకాణం మీద ఒక గది. వీడియోలో కుర్రాడే అక్కడ కూర్చొని కాగితాలకు పిన్నులు కొడుతున్నాడు. పేరు సంకేత్. పాతికేళ్లుంటాయి. తాత ముత్తాతల నుంచి ఆ గల్లీలోనే ఉన్న కుటుంబం, మాటలోనే తెలుస్తుంది. పెద్దామెను చూసి లేచి, ఫ్యాను ఆమె వైపు తిప్పాడు. నీలమ్మకు కోపం కొంచెం జారింది. తిట్టేద్దామని వచ్చిన చోట మర్యాద ఎదురైతే ఎవరికైనా ఇబ్బందే.

"హొన్నగుడ్డ వీడియో నీదే గదా బిడ్డా? గా ఫోటోల ఉన్నాయన దొంగ గాదు. గా ముచ్చట తీసెయ్యి."

"మీకెట్ల తెల్సు ఆంటీ?"

ఆయన కూతుర్నని చెప్పాలి. నాలుక దాకా వచ్చింది కూడా. చెబితే వాడి తర్వాతి ప్రశ్న ఏమిటో ఆమెకు తెలుసు. "మా ఊరాయన. మా క్వార్టర్ల లైన్లనే ఉంటుండె," అంది.

"కసం ఆంటీ, నేను సొంతంగ కల్పించలే. ఆడ మ్యూజియంల బోర్డు మీద అచ్చం గిట్లనే రాసుంది." వాడు నిజంగానే ఇబ్బంది పడ్డాడు. "ఒక పని చేద్దాం. ఆడ మహేశ్వరి అని ముసలామె ఉంటది. గా క్వార్టర్లల్లనే పుట్టి పెరిగింది. ఎల్లుండి బస్సుల ఒక సీటు ఖాళీ ఉంది, మీరు రాండ్రి. ఆమె అబద్ధమంటే నేను ఆన్నే నిలవడి వీడియో తీసేస్త. బోర్డు కోసం దరఖాస్తు గూడ నేనే పెడత."

ఇంటికొచ్చి చెబితే ప్రీతి, తనకు సెలవు దొరకదని మొత్తుకుంది. "ఒక్కదానివి పోతవా? పోయి ఏం జేస్తవ్?"

"మా బాపు పేరు తుడుచుకొస్త," అంది నీలమ్మ.

శనివారం తెల్లవారుతూనే బయల్దేరిన బస్సు, కృష్ణ దాటి, రాయచూరు వైపు ఎర్రటి నేలల్లో పడి, పగటి పూట ఒంటిగంట దాటాక హొన్నగుడ్డ చేరింది. దారి పొడుగునా పాటలు, పల్లీలు. నీలమ్మ పక్క సీట్లో కృష్ణయ్య అనే రిటైరైన పెద్దమనిషి. బంగారం ధర ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందో ఆమెకు మూడు గంటలు చెప్పాడు. ఆమె ఊఁ కొట్టింది.

ఊరు అనడానికి ఏమీ మిగల్లేదు. క్వార్టర్ల కప్పులు ఎగిరిపోయి గోడలు మాత్రం వరసగా నిలబడ్డాయి. గుమ్మాలకు తలుపుల్లేవు. గాలి ఒక ఇంట్లో దూరి నాలుగిళ్ల అవతల బయటికొస్తోంది. నీలమ్మ నడుస్తూ నడుస్తూ ఒకచోట తనకు తెలియకుండానే పక్కకు జరిగింది. ఏముందక్కడ అని చూస్తే నేల సాపుగా ఉంది. తర్వాత గుర్తొచ్చింది, అక్కడ నల్లా ఉండేది, ఎప్పుడూ బురద. కాలికి గుర్తున్నది తనకు గుర్తులేనందుకు ఆమెకు భయం వేసింది.

గేటు ఆమె అనుకున్నంత పెద్దది కాదు. బంగారు రంగు వేశారు. సంకేత్ ఎక్కడినుంచో వాచ్‌మన్ టోపీ తీసి పెట్టుకొని, లాఠీ పట్టుకొని అడ్డంగా నిలబడ్డాడు.

"లైన్ల రాండ్రి! హాథ్ ఊపర్! నోరు తెరువుండ్రి! తలాషీ ఉంటది!"

జనానికి భలే సరదా. ఆడా మగా చేతులెత్తి, నాలుకలు బయటపెట్టి సెల్ఫీలు దిగారు. కృష్ణయ్య జేబులోంచి సంకేత్ పసుపు రంగు గులకరాయి ఒకటి తీసి, "పక్డా గయా! దొరికిండు దొంగ!" అని అరిచాడు. కృష్ణయ్య పొట్ట ఊగేలా నవ్వాడు. వాళ్లెవరూ చెడ్డవాళ్లు కాదు. ఇంటి దగ్గర ఇంత అన్నం పెట్టమంటే పెట్టేవాళ్లే. ఒక మనిషిని పద్దెనిమిదేళ్లపాటు రోజూ గుడ్డలిప్పి నిలబెట్టిన చోట నిలబడి నవ్వుతున్నామని వాళ్లకు తోచలేదు, అంతే. ఆ తోచకపోవడమే నీలమ్మకు ఎక్కువ కాలింది.

ఆమె వంతు వచ్చింది.

"చేతులెత్తుండ్రి ఆంటీ."

ఎత్తలేదు. లాఠీని పక్కకు నెట్టి లోపలికి నడిచింది. ఆంటీ సీరియస్ అయిందని ఎవరో వెనక నుంచి నవ్వారు.

మ్యూజియం అంటే పాత మిల్లు షెడ్డే. ఫోటో గోడ నిండా ఉంది, మనిషికంటే పెద్దది. బోర్డు మీద రాతలో పేరు లేదు. 'మిల్లు కార్మికుడు, 1969' అని మాత్రం ఉంది. కింద సంకేత్ చెప్పిన కథే ఉంది. ఆ వయసులో తండ్రి ముఖం నీలమ్మకు గుర్తే లేదు. ఫోటోలో ఆయనకు ముప్పై ఏడు. ఇప్పుడు ఆమెకన్నా చిన్నవాడు. కళ్లు కెమెరా వైపు లేవు. పక్కకు, కిందికి చూస్తున్నాయి. ఆ చూపు వెంట ఆమె కూడా చూసింది. ఫోటో అంచున, సగం కత్తిరించినట్టు, ఒక చిన్న గౌను కొస, ఒక చిన్న పాదం.

ఆ పాదం మీద వేలు పెట్టి, వెంటనే తీసేసింది. బయటికొచ్చింది.

బయట రేకుల పందిరి కింద సిమెంటు తొట్టి, చుట్టూ పీటలు. తెల్లజుట్టు ముడేసుకున్న ఒక ముసలామె అందరికీ తలా ఒక ఇనుప పళ్లెం, పిడికెడు ఇసుక ఇస్తోంది. మహేశ్వరి అంటే ఆమే. ప్రతి ఇసుకలో ఒక్క బంగారపు నలుసు ఉంటుందని, కడిగి పట్టుకుంటే అది వాళ్లదేనని సంకేత్ చెప్పాడు. జనం ఎగబడ్డారు. ఒకరు నీళ్లు ఎక్కువ పోశారు, ఒకరు గరిటెతో కలిపినట్టు కలిపారు. కృష్ణయ్య ఇసుక, నలుసు, చేతి ఉంగరం, మూడూ తొట్లో పడ్డాయి. ఉంగరం కోసం పెద్ద లొల్లి అయింది.

మహేశ్వరిని పక్కకు పిలిచి అడుగుదామని నీలమ్మ పీట మీద కూర్చుంది. ముందు ఆమె చేతిలో కూడా పళ్లెం పడింది. అడగడం తర్వాత అనుకొని నీళ్లలో ముంచింది.

చేతులు వాటంతటవే తిరిగాయి. తిప్పి, ముందుకు వంచి, అరచేతి మొదలుతో మూడు దెబ్బలు. తేలిక ఇసుక నీళ్లతో జారిపోయింది. మళ్లీ ముంచి, మళ్లీ తిప్పి, మళ్లీ మూడు. అడుగున నెలవంకలా నల్ల ఇసుక మిగిలింది. పళ్లెం పందిరి అంచు దాటించి ఎండకు పట్టింది. నల్ల ఇసుక కొసన పసుప్పచ్చటి చుక్క. వేలు నాలుకకు తడి చేసుకొని, చుక్క మీద అద్ది, పైకి తీసింది.

మహేశ్వరి పని వదిలేసి వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఏ లైను నీది?"

"ఏడో లైను," అంది నీలమ్మ. ఆ అంకె తనకు తెలుసని నోట్లోంచి వచ్చేదాకా ఆమెకు తెలియదు. "నేను బియ్యం గిట్లనే కడుగుత అక్కా. మా అమ్మ నేర్పింది."

"బియ్యం అందరు కడుగుతరు చెల్లె. గా మూడు దెబ్బలు బియ్యానికెందుకు? అడుగుది ఎండకు పట్టుడెందుకు?" మహేశ్వరి గొంతు తగ్గించింది. "ఇది మిల్లోళ్ల ఇండ్లల్ల ఆడోళ్ల పని. మా అమ్మ చేసింది, నేను చేసిన. మొగోనికి తలకు పోసిన నీళ్లు బొట్టు గూడ పారబోయకపోతుండె. గా లైన్ల చేయని ఇల్లు లేదు."

వెనక పెరడు కళ్లముందుకొచ్చింది. బాపు పీట మీద తల వంచుకొని కూర్చున్నాడు. అమ్మ కుంకుడు పులుసుతో నూనె తల రుద్దుతోంది. కింద బేసిను పట్టుకున్నది తనే. ఒలికితే అమ్మ కొడుతుంది, అందుకని రెండు చేతులతో పట్టుకుంది. తర్వాత అమ్మ ఆ నీళ్లను పళ్లెంలో తిప్పి, మూడు దెబ్బలేసి, ఎండకు పట్టి, "మెరుపు యాడుందో చూపియ్యి నా తల్లీ," అంటుంది. తను చూపిస్తుంది. ఎప్పుడూ తనే ముందు చూస్తుంది. అది ఎంత గొప్పో.

ఎంత గొప్పో ఎవరికైనా చెప్పుకోవాలి కదా. గేటు దగ్గర వాచ్‌మన్ ఉండేవాడు, బాపుకు సద్ది తెచ్చినప్పుడల్లా పిప్పరమెంటు పెట్టేవాడు. నాలుక మీద ఆ చల్లదనం ఇప్పుడు కూడా తెలిసింది. మీ బాపు నెత్తికి గంత నూనె ఎందుకు పిల్లా, అని అడిగాడు. నవ్వుతూనే అడిగాడు.

"ఎవరి బిడ్డవు?" మహేశ్వరి అడుగుతోంది.

"ఆనందరావు బిడ్డను."

సంకేత్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. మహేశ్వరి ముందుకు వంగి నీలమ్మ ముఖం చూసింది. "చిన్న నీలువా," అంది.

"గా బోర్డు మీద రాసింది నిజమేనా అక్కా?"

"దొరికిండు కాబట్టి ఆయన దొంగ. దొరకలే కాబట్టి నేను ఈడ కూసొని టూరిస్టులకు పని నేర్పుతున్న. గదే తేడా." మహేశ్వరి చీర కొంగుతో చేతులు తుడుచుకుంది. "పిల్ల చెప్పిందో లేదో నాకు తెల్వదు చెల్లె. మాకు తెల్వనే తెల్వదు. నువ్వు చెప్పలేదంటే చెప్పలేదు. గా మాట నేను ఈ పిలగానికి చెప్త, ఇప్పుడే చెప్త."

ఒక్క మాట అంటే చాలు. వీడియో పోతుంది, బోర్డు పోతుంది. ఆ మాట కోసమే ఆమె ఇంత దూరం వచ్చింది.

"చెప్పిన," అంది నీలమ్మ.

ఏడుపు రాలేదు. వస్తే బాగుండేది. సంకేత్ ఏం చేయాలో తెలియక, అందరికీ ఇస్తున్నట్టే ఒక చిటికెన వేలంత గాజు సీసా తెచ్చాడు. ఆమె వేలి మీది నలుసును అందులోని నీళ్లలోకి రాల్చి మూత పెట్టాడు.

"ఇది... తీసుకపోవచ్చా?"

"మీదే ఆంటీ. టికెట్‌తోని వస్తది." అని, ఆ మాట తనకే ఎట్లానో వినిపించినట్టు తల దించుకున్నాడు. "ఆంటీ, మాఫ్ చెయ్యుండ్రి. వీడియో తీసేస్త. ఇగ ఎప్పుడు గూడ గా ముచ్చట చెప్ప."

"చెప్పు బిడ్డా." నీలమ్మ సీసాను ఎండకు పట్టి చూసింది. "పేరు పెట్టి చెప్పు, ఆనందరావు అని. గా పిల్లకు ఆరేండ్లని చెప్పు. గట్లనే, గాయన ఇంకో ముప్పయేండ్లు బతికి, ఒక్కనాడు గూడ గా పిల్లను ఏమనలేదని చెప్పు."

సాయంత్రం గేటు దాటేటప్పుడు అక్కడ ఎవరూ లేరు. టోపీ, లాఠీ సంచిలోకి పోయాయి. జనం సీసాలు ఊపుకుంటూ, ఫోటోలు చూసుకుంటూ బయటికి నడిచారు. నీలమ్మ ఒక్క క్షణం ఆగింది. ఎవరైనా అడ్డం వస్తారేమోనని చూసింది. ఎవరూ రాలేదు. సీసాను కొంగు ముడిలో కట్టి బొడ్లో దోపుకుంది.

రాత్రి రాయచూరులో బస. మర్నాడు తిరుగు బస్సులో కృష్ణయ్య ఉంగరం దొరికిన సంగతి మళ్లీ మళ్లీ చెబుతున్నాడు. నీలమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ముప్పై ఏళ్లపాటు గడప ముందు ఆ చేతులు. నీలు తడిమేదాకా కదలని ఆ మనిషి. పట్టించిన పిల్లకు ఎప్పటికీ తెలియకూడదని, గేటును ఆటగా మార్చి ఆమె చేతికిచ్చాడా? లేక, చూడు బిడ్డా, ఇప్పుడేం లేదు నా దగ్గర, అని రోజూ చెప్పుకున్నాడా? ఆటే అయితే అమ్మ పొయ్యి వైపు ఎందుకు తిరిగి కూర్చునేది? ఆయన కళ్లు ఎట్లా ఉండేవో గుర్తు తెచ్చుకుందామని చూసింది. గుర్తు రాలేదు. ఆమె ఎప్పుడూ జేబులే చూసేది.

చాంద్రాయణగుట్టలో దిగి ఇంటికి చేరేసరికి ఎండ ఇంకా గోడల మీద ఉంది. తలుపు తీసే ఉంది. లోపల ప్రీతి తలకు నూనె రాసుకుంటోంది. తల్లిని చూసి గిన్నె చేత్తో పట్టుకొనే వచ్చింది.

"వచ్చినవా? ఏమాయె అమ్మా? గా ముసలామె ఏమన్నది? అబద్ధమన్నదా?"

నీలమ్మ గడప ముందు ఆగిపోయింది. చేతి సంచి కింద పెట్టింది. రెండు చేతులూ పైకెత్తి, నోరు తెరిచి నిలబడింది.

ప్రీతికి ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత ముఖం విప్పారింది. ఇరవై నాలుగేళ్లయింది ఆ ఆట ఆడి. తాత పేరు తుడుచుకొచ్చిన సంబరంలో ఉందనుకుంది పాపం.

"అరే, తాత ఆట!" నూనె గిన్నె కింద పెట్టి, జిడ్డు చేతులు తల్లి చీరకే తుడుస్తూ మెడ, భుజాలు, నడుము తడిమింది. కొంగు ముడి మీదుగా చేయి పోయింది, ఆగలేదు.

"ఏం లేదు, పో," అంది నవ్వుతూ.

నీలమ్మ చేతులు దించలేదు.